పెరుగుకి ఉపవాసం

తెల్లవారగానే సీతమ్మగారు గిన్నెలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు తోడు వేసి, ప్రార్థన చేసుకుని కీర్తన ఎత్తుకుంటారు. రెండో చరణానికల్లా గిన్నెలోంచి పెరుగూ అందుకుంటుంది. గన్నవరంలో ఆ వీధివాళ్లకి ఇదేం వింత కాదండీ. “ఇవాళ మీ పెరుగు శ్రుతి తగ్గిందేంటి వదినగారూ?” అని పక్కింటి శివపార్వతిగారు గోడమీంచి అడుగుతారు, అంతే.

చిక్కల్లా కోడలు కృపది. కడుపుకి మేలుచేసే కొత్త పెరుగొకటి తయారుచెయ్యమని ఆమె కంపెనీ ఆమెకే అప్పజెప్పింది. కుదరకపోతే ఉద్యోగం ఊడినట్టే. అత్తగారి తోడుతోనే మొదలుపెట్టింది. కానీ తిన్నవాళ్ల గొంతు దిగగానే పాట ఆగిపోయేది. అంటే లోపలున్న మంచి బాక్టీరియా పేగులదాకా బతకడం లేదన్నమాట. పాపం, అంత దూరం ఖాళీ కడుపుతో ఎలా వెళతాయండీ! పచ్చి అరటికాయలు ఎండబెట్టి, పిండి కొట్టి పెరుగులో కలిపింది కృప. అది వాటికి దారిబత్తెం. ఆ రోజు ఆమె భర్త యేసుకుమార్ పొట్ట సాయంత్రందాకా పాడుతూనే ఉంది. బెజవాడ బస్సులో పక్కాయన గొంతు కూడా కలిపాడట.

శుక్రవారం కంపెనీ ఎండీ వెంకటకృష్ణారావుగారు రుచి చూశారు. కప్పు ఖాళీ అయింది. పొట్టలో చడీచప్పుడూ లేదు.

“ఏదమ్మా పాట? సోమవారం ఇంకోసారి చూస్తా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు.”

కృప ఏడుపుమొహంతో ఇంటికొచ్చింది. “అత్తయ్యా, పొద్దున పిండి కలిపారా?”

“ఈస్టరు ముందు శ్రమదినాల్లో శుక్రవారం కదే! ఇంటిల్లిపాదీ ఉపవాసముంటే అవి మాత్రం మెక్కుతాయా?”

“బాప్తిస్మం తీసుకోనివాటికి ఉపవాసమేంటి అత్తయ్యా!”

“అదీ నిజమేలే. ప్రభువు క్షమిస్తాడు,” అని సీతమ్మగారు ఈసారి పెరుగులో పిండి రెండు గరిటెలు ఎక్కువే వేశారు.

సోమవారం ఎండీగారు తిన్నారు. ఎదురుచూశారు. మూతి తుడుచుకుని, “లాభం లేదమ్మా, ఇంక మనం...” అంటుండగానే చొక్కా గుండీల వెనక నుంచి కీర్తన లేచింది. ఆయన చేత్తో అదిమారు. రెండో చరణం ఇంకా గట్టిగా వచ్చింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. “శ్రుతి బాగుంది. కానీ రేపు పొద్దున నేను అమ్మవారి కొండకెళ్లాలి. అప్పటికి ఆగుతుందా?”

“ఆగదు సార్,” అంది కృప, మొహం వెలిగిపోతూ.

ఆయన పొట్ట నిమురుకుని నిట్టూర్చారు.

“అయితే అమ్మేద్దాం పద.”