ఎడమ చేతి మీట

ఆ మధ్యాహ్నం కొండ దిగుతున్న చిన్న కారులో ఉన్నవారు నలుగురు. స్టీరింగు దగ్గర, పదవీ విరమణ చేసిన వాహన తనిఖీ అధికారి. ఊరు ఆయనను ఇప్పటికీ ఇన్‌స్పెక్టరుగారనే పిలుస్తుంది. పక్క సీటులో, ఒళ్లో శాలువా కప్పుకొని ఆయన భార్య. ఆవిడ వెనుక కూతురు. ఆయన వెనుక, మోకాళ్లు ముందు సీటుకు తగులుతుంటే ఒదిగి కూర్చున్న అల్లుడు. ఏ ప్రమాదం గురించి చెప్పవలసి వచ్చినా, బండిలో ఎవరెవరు ఏ వరుసలో కూర్చున్నారో ముందు చెప్పాలనీ, తక్కినవన్నీ ఆ తరువాతనేననీ ఇన్‌స్పెక్టరుగారు ఉద్యోగం చేసినంతకాలం కింది వాళ్లకు నూరిపోశారు. ఆ వరుసలో మొదట తానే నిలబడవలసి వస్తుందని మాత్రం ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఇల్లు కొండ మీద. డయాలిసిస్ కేంద్రం కొండ కింద. మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాక ఆవిడ రోజు విడిచి రోజు అక్కడి యంత్రం పక్కన పడుకోక తప్పడం లేదు. ఆ మెలికల దారికి అద్దె కార్ల వాళ్లు రారు; మొహమాటానికి ఒకసారి వచ్చినవాడు రెండోసారి ఫోను ఎత్తడు. కనుక ఆవిడను దించడం, తిరిగి ఇంటికి చేర్చడం ఇన్‌స్పెక్టరుగారి పని. ఆ పని సాగినంతకాలమే ఆ ఇంట్లో ఇద్దరు మనుషులుంటారు. కూతురి ఇల్లు వేరే ఊళ్లో, పెద్దాసుపత్రికి కూతవేటు దూరంలో ఉంది. రెండే గదులు. ఒక గదిలో అల్లుడి తల్లి మంచాన పడి ఉంది. ఆ మంచం పక్కన ఇంకొక మంచం పడుతుంది. మూడోది పట్టదు.

ఈ మాట అల్లుడు నోరు తెరిచి అనలేదు. "మీకూ ఏదో ఒకటి చూద్దాం మామయ్యగారూ" అని నీళ్లు నమిలాడు. కూతురు మాత్రం తండ్రి కూతురే, సూటిగా చెప్పింది.

"ఇవాళ మేమూ బండిలో కూర్చుంటాం నాన్నా. మీరు నడిపే తీరు బాగుంటే సరే. లేదంటే అమ్మను నాతో తీసుకుపోతాను. కోపం తెచ్చుకోకండి."

"నాకు పరీక్ష పెడుతున్నావన్నమాట."

"ఊళ్లో అందరికీ మీరు పెట్టలేదూ? ఒక్కసారి మీకూ పడనివ్వండి" అన్నది భార్య, చెప్పులు వేసుకుంటూ.

ఇన్‌స్పెక్టరుగారు నవ్వలేదు. కానీ ఆవిడ కోసం తలుపు తీసి పట్టుకున్నారు.

బయలుదేరే ముందు అల్లుడు స్టీరింగు వైపు వంగి చూసి చిన్నగా నవ్వాడు. అతను కార్ల షోరూములో పని చేస్తాడు. స్టీరింగు వెనుక, వేళ్లకు అందేలా చెరొక పక్క అమర్చిన రెండు చిన్న మీటలను వేలితో తడిమాడు.

"ఇంత చిన్న బండికి ఈ ప్యాడిల్ షిఫ్టర్లు ఎందుకు మామయ్యగారూ? పెళ్లికొడుకును ముస్తాబు చేసి సైకిలు ఎక్కించినట్టుంది. మా దగ్గర వీటి కోసం పై మోడలు కొనేవాళ్లంతా కుర్రాళ్లే. నాలుగు రోజులు లాగి మురుస్తారు, తరువాత వాటిని ముట్టుకోరు. అసలు దీంట్లో గేర్లే లేవు కదా, లోపల ఉన్నది బెల్టు. మీరు వేసే గేర్లన్నీ ఉత్తుత్తివే."

"గేర్లు ఉత్తుత్తివే కావచ్చు అల్లుడుగారూ. కొండ ఉత్తుత్తిది కాదు."

ఆపైన ఆయనకు పాఠం చెప్పాలనిపించింది. ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు. ఎడమ మీట లాగితే గేరు తగ్గుతుంది, ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. కుడి మీట లాగితే గేరు పెరుగుతుంది, ఇంజను పట్టు సడలిస్తుంది. పల్లంలో ఎడమ మీట తెలిసినవాడికి బ్రేకుతో సగం పని ఉండదు.

"ఇప్పుడు చూడండి" అంటూ ఆయన నిలిచి ఉన్న బండి స్టీరింగును సగానికి తిప్పారు. "మీటలు స్టీరింగుకే అతికి ఉన్నాయి. అది తిరిగితే ఇవీ తిరుగుతాయి. ఎడమది ఎక్కడికి పోయింది?"

"కుడికి వచ్చింది."

"ఇప్పుడు మీ ఎడమ చేతికి అందేది ఏది? గేరు పెంచేది. అందుకని తగ్గించదలచుకున్నది మలుపుకు ముందే తగ్గించాలి. మలుపులోకి వెళ్లాక మీట వెతుక్కునేవాడికి నేనైతే లైసెన్సు ఇవ్వను."

"మంచి సంగతే చెప్పారు. మా షోరూములో ఎవరికీ ఇది తెలియదు" అన్నాడు అల్లుడు, ఈసారి ఎగతాళి లేకుండా.

ఆయన చెప్పనిది ఒకటి ఉంది. షుగరు జబ్బు ఆయన కుడి పాదాన్ని మెల్లమెల్లగా తినేసింది. మొదట వేళ్లు, తరువాత అరికాలు, ఇప్పుడు మడమ దాకా మొద్దుబారి, బూటు లోపల ఉన్నది పాదమో గుడ్డల మూటో ఆయనకు తెలియదు. బ్రేకు మీద కాలు ఉన్నదీ లేనిదీ కంటితో వంగి చూసుకుంటే తప్ప చెప్పలేరు. అందుకే పై మోడలు కొన్నారు. పాదం చేయవలసిన పని వేళ్లకు అప్పగించారు. నీళ్ల ట్యాంకు దగ్గర ఒకసారి లాగాలి, బడి గోడ రాగానే ఇంకొకసారి, పెద్ద మెలికకు ముందున్న కరెంటు స్తంభం దగ్గర మరొకసారి. దిగువ వీధి చేరేసరికి బండి దానంతటదే మనిషి నడకలోకి వస్తుంది. చివరి బ్రేకు మాత్రం కింద చూసుకుంటూ నొక్కుతారు. ఇలాంటి కాలుతో మరెవరైనా తన ముందుకు వచ్చి ఉంటే, ఆయన రెండో మాట లేకుండా ఇంటికి పంపేవారు. ఆ సంగతి తలచుకున్న ప్రతిసారీ ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా తెల్లవారితే తాళం చెవులు తీసుకునేవారు. పాదం సంగతి డాక్టరుకు, తనకు తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన నమ్మకం.

బండి దిగడం మొదలుపెట్టింది. నీళ్ల ట్యాంకు దగ్గర లాగారు. బడి గోడ రాగానే లాగారు. వెనుక సీటులో మాటలు ఆగిపోయి, చూపులు తన మెడ మీద ఉన్నాయని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"బాగానే నడుపుతున్నారు కదే" అని అల్లుడు గొంతు తగ్గించి అన్నాడు.

"చూడండి ఇంకా" అన్నది కూతురు.

కరెంటు స్తంభం వచ్చింది. ఆయన మూడోసారి లాగారు. ఇంజను గట్టిగా మూలిగింది, కానీ బండి ఎప్పటిలా ఒదగలేదు. ఆయన లెక్కంతా ఇద్దరు మనుషుల బరువుకు కట్టిన లెక్క. ఇవాళ బండిలో నలుగురున్నారు. పరీక్షించడానికి వచ్చిన ఇద్దరి బరువు ఆ పల్లంలో బండిని వెనుక నుంచి తోస్తున్నది. ఈ సంగతి ఆయనకు స్ఫురించేసరికి మెలిక వచ్చేసింది, స్టీరింగు సగం దాటి తిరిగింది, ఇంకొక్క గేరు తగ్గితే చాలుననిపించింది. ఎడమ చేతి వేళ్లు ఎడమ పక్కనున్న మీటను లాగాయి.

ఇంజను మూలుగు ఆగిపోయింది. బండి విడిపించుకున్న పశువులా ముందుకు దూకింది. ఆయన మళ్లీ లాగారు. ఇంకా తేలికైంది. మలుపు అవతల పిట్టగోడ, దాని అవతల దిగువ వీధిలోని ఇళ్ల పైకప్పులు. ఆయన కుడి కాలిని బలమంతా కూడదీసి తొక్కారు. నడుము సీటుకు అతుక్కుపోయేంతగా తొక్కారు. ఏమీ కాలేదు. ఆ తరువాత ఒక్కసారిగా వెనుక చక్రాలు కీచుమన్నాయి, బండి అడ్డంగా జారి, పిట్టగోడకు ముందు దీపాన్ని ఆనించి నిలిచిపోయింది.

కూతురు ముందుకు వంగి తల్లి భుజం పట్టుకున్నది.

"అమ్మా, నీకేం కాలేదు కదా?"

"నాకేమవుతుంది? మీ నాన్న బ్రేకు వేశారుగా" అన్నది ఆవిడ.

ఇన్‌స్పెక్టరుగారు కిందికి చూశారు. ఆయన బూటు ఊడి పెడళ్ల వెనుక దొర్లి ఉంది. మేజోడు వేసిన పాదం బ్రేకుకు పక్కన, ఉత్త నేలను ఇంకా తొక్కుతూనే ఉంది. ఆయన తల తిప్పారు. రెండు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకు నిటారుగా లేచి ఉంది. దాని మీద శాలువా, శాలువా కింద ఆవిడ చేయి. ఆవిడ ఆయన వైపు చూడలేదు. శాలువా సర్దుకొని, చేయి ఒళ్లోకి తీసుకున్నది.

"మామయ్యగారు కాబట్టి ఆపారు. నేనైతే గోడ దూకించేవాణ్ణి" అన్నాడు అల్లుడు. అతని మాటలో గౌరవం ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు బూటును చేత్తో అందుకొని, ఎవరూ చూడకుండా తొడుక్కున్నారు. "మిగతా దారి మీరు నడపండి అల్లుడుగారూ. ఆ మీటలు మీకూ అలవాటు కావాలి" అన్నారు.

కేంద్రంలో ఆవిడను లోపలికి తీసుకువెళ్లారు. వసారాలోని బల్ల మీద కూతురు తండ్రి పక్కన కూర్చుని, చాలాసేపు వేళ్లు విరుచుకుని, చివరికి అన్నది: "మేం అనవసరంగా భయపడ్డాం నాన్నా. అంత కంగారులోనూ ఆపారు. అమ్మ ఇక్కడే ఉండనీండి. ఆ గదిలో అత్తయ్యగారి మూలుగుల మధ్య అమ్మకు నిద్ర పట్టదు."

"నేనూ అదే అంటున్నా. గీత పడింది, అంతే. రంగు వేయిస్తే పోతుంది" అన్నాడు అల్లుడు.

కోరుకున్నదంతా ఆయన ఒళ్లో వచ్చి పడింది. ఆయన తల ఊపారు. అప్పుడే లోపలి నుంచి నర్సు గొంతు వినిపించింది.

"ఈ చేత్తో ఏం లాగారమ్మా? సూది గుచ్చే చోట ఎంత వాచిపోయిందో చూడండి."

"బీరువా జరిపానమ్మా."

"ఎవరు జరపమన్నారు? రెండో చేతిలో నరం ఎప్పుడో పాడైపోయింది. మీకు మిగిలింది ఇదొక్కటే. ఇంకోసారి ఇలా లాగితే యంత్రం తగిలించడానికి చోటుండదు. తరువాత నన్నడిగి లాభం లేదు."

ఇన్‌స్పెక్టరుగారు లేచి లోపలికి వెళ్లారు. నర్సు గొట్టాలు సరిచేసి పక్క మంచం దగ్గరికి పోయేదాకా నిలబడ్డారు. ఆవిడ కుడి చేయి మోచేతి దాకా ఎర్రగా ఉబ్బి, దిండు మీద వేరే మనిషి చేయిలా పడి ఉంది.

"నా కాలి సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగారు.

ఆవిడ పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "గోడ గడియారం పాడైందని మీరొకరోజు గోల చేశారు, జ్ఞాపకముందా? ఇల్లంతా టిక్కుటిక్కుమని ఒకటే చప్పుడన్నారు. అది గడియారం కాదు. మీ కుడి అరికాల్లో మేకు. మీరు నడిచినప్పుడల్లా నేలకు తగులుతోంది. మీరు పేపరు చదువుతుంటే నేనే పీకేశాను. మీరు పేజీ తిప్పారు."

ఆయన తన కుడి బూటు వైపు చూసుకున్నారు.

"ఆ రోజు నుంచీ, బ్రేకు మీద నా చెయ్యి కనబడకుండా, శాలువా కప్పుకుంటున్నాను. మీరేమో నాకు చలి ఎక్కువైందని కిటికీ అద్దాలు మూసేవారు. ఎండాకాలం ఉడికి చచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తారు. మానేస్తే నేనక్కడ, మీరిక్కడ." ఆవిడ మొదటిసారి ఆయన వైపు తిరిగింది. "వాళ్లు నమ్మారుగా. ఇక ఇద్దరమే కదా బండిలో, మీ లెక్క తప్పదు. చెప్పకండి. ఇంకొన్నాళ్లు ఇలాగే పోనివ్వండి."

"మళ్లీ లాగవలసి వస్తే?"

"ఎడమ చేత్తో లాగుతాను."

"ఎడమ చెయ్యి అక్కడికి అందదు."

"అందకపోతే ఇద్దరమూ ఒకేసారి పోతాం. అదేమంత అన్యాయం?" అన్నది ఆవిడ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

ఆయన మంచం అంచున కూర్చున్నారు. ఆ చేతిలో నుంచి ఎర్రటి గొట్టం యంత్రంలోకి పోయి, మళ్లీ ఆ చేతిలోకే వస్తున్నది. దాన్ని తాకడానికి కూడా వీలు లేదు. ఆవిడ ప్రాణం నడిచే దారి ఇప్పుడు అదొక్కటే. ఆ దారిని బ్రేకుగా వాడుకుంటూ, తన వేళ్ల నేర్పుతోనే బండి దిగుతున్నదని ఇన్నాళ్లూ గర్వపడ్డారు. నిజం చెబితే, రేపటి నుంచి ఆ ఇంట్లో తన అడుగుల చప్పుడు వినేవారుండరు. అరికాల్లో మేకు దిగినా చెప్పేవారుండరు. ఇంకేదైనా దారి ఉన్నదేమోనని ఆయన వెతికారు. కొండను, కారును, రెండు గదుల ఇంటిని మనసులో తిప్పి తిప్పి చూశారు. ఎటు తిప్పినా చేతికి అందింది తప్పుడు మీటే.

"చెప్పకండి" అని ఆవిడ మళ్లీ అన్నది. ఆయన లేచి, శాలువాను ఆవిడ పాదాల మీద కప్పారు.

వసారాలోకి వచ్చి ఆయన బల్ల ముందు నిటారుగా నిలబడ్డారు. చొక్కా బొత్తాం పెట్టుకున్నారు. కారు తాళం చెవులు తీసి అల్లుడి చేతిలో ఉంచారు.

"ఏమైంది నాన్నా?"

"కూర్చోండి. అడ్డురాకుండా వినండి. బండిలో నలుగురం ఉన్నాం. నడుపుతున్నది నేను, పక్కన మీ అమ్మ, ఆవిడ వెనుక నువ్వు, నా వెనుక అల్లుడుగారు. మలుపులో నేను లాగకూడని మీట లాగాను. నా కాలు బ్రేకు మీద లేదు. లేదన్న సంగతి నాకు తెలియలేదు, ఇకముందూ తెలియదు. మీ అమ్మను ఇవాళే మీతో తీసుకువెళ్లండి. ఆవిడ వేరే విధంగా చెబుతుంది. ఆ మాట పరిగణించవద్దు." ఆయన లోపలి గది వైపు ఒకసారి చూశారు. "ఈ రోజు పెద్ద మెలిక దగ్గర ఆ కారును ఆపి, అందులో ఉన్న తక్కిన ముగ్గురి ప్రాణాలూ కాపాడినది, తనకు మిగిలిన ఒక్క చేతిని లెక్కచేయకుండా, నా పక్కన కూర్చున్న నా భార్య. నేను కాదు. ఇది నేను మీ ఇద్దరి ఎదుట అంగీకరిస్తున్నాను."