మొదటి కడవ

"ఇది గూడా పోతే నాకు నీళ్ళు ఎవురు తెచ్చేదంట?" అని మామ మళ్ళీ మొదటికొచ్చాడు.

"ఇది రాకపోతే ఆడ కొలంబోలో బాలింతకు నీళ్ళు ఎవురు పోసేదంట? నా నడుము వంగదు" అంది అత్త నాగలక్ష్మమ్మ, అంతే గట్టిగా.

నేను చంకలో ఖాళీ కడవతో గడపలో నిలబడి ఉన్నాను. పొద్దుటినుంచీ నడుస్తున్న తగువు అది. మా ఆడబిడ్డ కృష్ణవేణి కొలంబోలో ప్రసవించింది. ఆమె మొగుడు తిమ్మయ్య అక్కడ ఎండుమిరపకాయల మండీలో గుమాస్తా. మొదటి కానుపు పుట్టింట్లో జరగవలసిందే కానీ, నెలలు నిండిన మనిషిని ఓడ ఎక్కించవద్దని డాక్టరు చెప్పాడట. అందుకని అత్తే కూతురి దగ్గరికి పోవాలనుకుంది. తోడుగా మా ఆయన శ్రీనివాసులు. ఇక మిగిలింది నేను. నేను ఎక్కడ ఉంటే ఎవరికి ఎక్కువ పనికొస్తానన్నదే తగువు. పోవాలని ఉందా అని నన్నెవరూ అడగలేదు.

చివరికి మా ఆయనే తెగ్గొట్టాడు. "ఎదురింటి ఓబులమ్మకు కూలి కింద జొన్నలు కొలిస్తే దినామూ తెచ్చి పోస్తాదిలే నాయనా. దీన్ని రానీ."

నేను మోసే నీళ్ళకు జొన్నలు కొలవవచ్చని ఆ రోజే నాకు తెలిసింది.

కమలాపురం పక్కన మాది చిన్న ఊరు. ఎండాకాలం వస్తే పాపాఘ్ని ఏరంతా ఇసుకే. ఆడవాళ్ళం ఆ ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, గిన్నెతో తోడి కడవలో పోసుకుంటాం. చీకటితోనే పోతే తేట నీళ్ళు, ఆలస్యమైతే బురద. ఇంటికొచ్చాక ఆ నీళ్ళకు ఒక వరస ఉంది. ముందు మామ పోసుకుంటాడు, తర్వాత మా ఆయన, ఆ తర్వాత అత్త. గంగాళం అడుగున మిగిలితే నాకు. చాలా రోజులు మిగిలేది కాదు. ముఖం, చేతులు తడుపుకుని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. రాత్రి చాప మీద మా ఆయన అటు తిరిగి పడుకుంటూ, "ఏమ్మే, ఒకటే సెమట కంపు. పొద్దున నీళ్ళు పోసుకోవా?" అనేవాడు. కాపురానికొచ్చిన మూడేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. పోసుకోవడానికి ఏముందని అడగాలని తోచేది కాదు. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని చాప అంచుకు జరిగి పడుకునేదాన్ని.

మద్రాసులో రైలు మారాం. మర్నాడు పాంబన్ దగ్గర రైలు వంతెన ఎక్కి, నడిచే మనిషికన్నా మెల్లగా పోసాగింది. కిటికీలోంచి చూస్తే నేల లేదు. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు. ఎంత దూరం చూసినా గట్టు కనబడలేదు. సముద్రం అంటే పెద్ద చెరువులా ఉంటుందనుకున్నాను నేను. నా అరచేతులు కిటికీ కడ్డీలకు అతుక్కుపోయాయి. మొదట వచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారు: ఇన్ని నీళ్ళు ఎవరు మోసుకొచ్చి పోశారు? మోయకుండా నీళ్ళు ఉంటాయని నా ఒంటికి తెలియదు. అత్త రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నేను తల తిప్పుకున్నాను.

అప్పట్లో రైలు ధనుష్కోడి దాకా పోయేది. అక్కడ స్టీమరు ఎక్కేముందు వంగి ఒక దోసిలి తీసి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. "ఎర్రిదానా, అవి తాగే నీళ్ళా?" అని మా ఆయన అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నన్ను తాకలేదు. ఒకరి దప్పిక తీర్చకుండా, ఎవరికీ ఏ పనీ చేసిపెట్టకుండా, ఊరికే అంత గొప్పగా ఉండవచ్చా అని ఆ నీళ్ళవంకే చూస్తూ కూర్చున్నాను.

కొలంబో చేరిన రోజు మధ్యాహ్నమే వాన పట్టుకుంది. పైనుంచి కుమ్మరించినట్టు పడుతుంటే అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వంటింట్లోకి పరుగెత్తాం. బిందెలు, తపేలాలు, అన్నం వార్చే గిన్నె, ఆఖరికి చంటిదాని పాలగిన్నె కూడా తెచ్చి చూరు కింద వరసగా పెట్టాం. పక్కింటి సింహళం ఆమె వాకిట్లో నిలబడి మా వైపే వింతగా చూస్తోంది. మంచం మీంచి కృష్ణవేణి పడీ పడీ నవ్వింది.

"ఈడ దినామూ పడతాది వదినా. ఎత్తి పెట్టే పనిలేదు."

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేను గూడా వచ్చిన కొత్తలో ఇట్లే చేస్తి. మా ఇంటాయన శానా ఎగతాళి చేసినాడులే."

ఆ ఇంటి పెరట్లో బావి ఉంది. తొంగి చూస్తే నీళ్ళలో నా ముఖం చేతికందేంత దగ్గరగా కనిపించింది. తెల్లవారి ఆ పక్కింటామె రొమ్ముల మీదికి గుడ్డ చుట్టుకుని వచ్చి, చేదతో తోడి నెత్తిన పోసుకోసాగింది. ఒక చేద, ఇంకొకటి, ఇంకొకటి. మధ్యలో ఆగి ఎవరితోనో మాట్లాడుతుంది, మళ్ళీ పోసుకుంటుంది. ఆమె వెనక ఎవరూ కాచుకుని లేరు. ఆమెకు తొందర లేదు. నేను బియ్యం కడగడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

బాలింతకు నీళ్ళు పోసి, చంటిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టి కడిగి పొడిగుడ్డలో చుట్టి ఇచ్చాక, కృష్ణవేణి నా చెయ్యి పట్టుకుంది. "ఇంగ నువ్వు పోయి పోసుకో వదినా. ఎంత పోసుకున్నా ఎవురూ ఏమీ అనరు."

మొదటి చేద నెత్తిన పడగానే ఊపిరి ఆగింది. రెండోది పోసుకున్నాను. జడ విప్పాను. తడిస్తే నా వెంట్రుకలు ఇంత బరువుంటాయని నాకు తెలియదు. వీపు మీదుగా నీళ్ళు జారుతుంటే, అక్కడ నాకొక వీపు ఉందని కొత్తగా తెలిసినట్టయింది. మోచేతుల మీద కడవ ఒరిపిడికి పడిన కాయలు మెత్తబడ్డాయి. కాలి కింద నీళ్ళు పారి అరటి పాదులోకి పోతున్నాయి. పోనిచ్చాను. నా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఏ కంపూ లేదు. నా ఒంట్లో ఏ లోపమూ లేదు. ఈ చిన్న మాట తెలుసుకోవడానికి సముద్రం దాటి రావలసి వచ్చింది.

"ఏం పిల్లా, ఇంకా పోసుకుంటాండావా?" అంటూ అత్త వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. బావిలోకి తొంగి చూసి, కొంగు బొడ్లో దోపి, "నాకు గూడా రోంత పొయ్యి" అని బండ మీద కూర్చుంది. నేను పోస్తూనే ఉన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, "పెండ్లినాడు పోసినారు నాకు ఇట్ల. మళ్ళా ఇదే" అంది.

మేము తిరిగి వచ్చేసరికి పాపాఘ్నిలో చెలమలు ఇంకా లోతుకు పోయాయి. మర్నాడు చీకటితో పోయి, తెల్లవారుతుండగా మొదటి కడవతో వాకిట్లోకి వచ్చాను. మామ గోచి పెట్టుకుని స్నానాల బండ మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన గోడకానుకుని వేపపుల్ల నములుతున్నాడు. అత్త పొయ్యిలోకి కందికట్టె తోస్తోంది.

"గంగాళంలో పొయ్యమ్మా" అన్నాడు మామ.

నేను పోయలేదు. కడవ దించనూ లేదు.

"ఏమ్మే, అట్లే నిలబడినావు?" అన్నాడు మా ఆయన.

అత్త తలెత్తి నా ముఖంలోకి చూసింది. లేచి వచ్చి, బండ పక్కనున్న మామ తువ్వాలు తీసి గోడ మీద వేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

"మామా, రోంత లేసి ఆ పక్క కూచో" అన్నాను. "ఇంగ దినామూ మొదటి కడవ నేను పోసుకుంటా. నేను పోసుకున్నాకనే మీకు తెచ్చేది. కాదంటే ఓబులమ్మకు జొన్నలు కొలుచుకోండి."