స్పిరిట్ ఆరని బిళ్ల

కుండీలోని పసరాకు కట్టి ఉంటే తన తమ్ముడు బతికేవాడని ఆడపడుచు అనని రోజు లేదు. కాలి పుండు ముదిరిన మొగుణ్ణి, ఆకు కట్టనివ్వకుండా పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆమే. ఇంటికి తెచ్చుకున్నది శవాన్ని. దెప్పుళ్లు విని విని చెవులు మొద్దుబారాయి. కోపం రాదు, ఏడుపూ రాదు. అయినా ఏదో ఒకటి తేలిపోతే మేలనిపించి, ఆ వదిన కుండీలో ఆకులే గుప్పెడు కోసుకుని, చెల్లెలి కూతురు పనిచేసే ల్యాబ్‌కి వెళ్లింది.

పిల్ల ఆకులు నూరి స్పిరిట్‌లో నానబెట్టింది. పుండుకు చీము పట్టించే బ్యాక్టీరియాను గాజుపళ్లెం నిండా పులిమి, ఆకు రసంలో ముంచిన కాగితపు బిళ్లను ఒక పక్క, ఉత్త స్పిరిట్‌లో ముంచిన బిళ్లను ఇంకో పక్క పెట్టింది. మందుకు బలముంటే బిళ్ల చుట్టూ ఏదీ పెరగని ఖాళీ వలయం పడుతుందట. మరి ఉత్త స్పిరిట్ ఎందుకని అడిగితే, వలయం పడితే అది ఆకుదో స్పిరిట్‌దో, దొంగ ఎవరో తెలియాలిగా పెద్దమ్మా, అని నవ్వింది.

మర్నాడు ఆమె మళ్లీ వెళ్లేసరికి పళ్లెమంతా బ్యాక్టీరియా పల్చని మీగడలా కమ్ముకుంది. ఆకు బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా, తేటగా ఖాళీ.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. వదిన మాటే నిజమైంది. చేజేతులా తనే చంపుకుంది. గుండె గుభేలుమనాలి గానీ, అనలేదు. పక్కగదిలో ఎవరో సీసాలు కడుగుతున్నారు. మేడ మీద ఆరేసిన దుప్పటి తీయలేదని గుర్తొచ్చింది.

"ఆగు పెద్దమ్మా, రెండో బిళ్ల కూడా చూడు."

దాని చుట్టూనూ అంతే వలయం.

పెద్దమ్మ ఎదురుగా కూర్చుని చూస్తుంటే కంగారుపడి, స్పిరిట్ ఆరకుండానే బిళ్లలు పెట్టేశానని పిల్ల నాలుక కరుచుకుంది. వలయం స్పిరిట్ పుణ్యమేనేమో. ఈసారి బిళ్లలు పూర్తిగా ఆరేదాకా ఆగి కొత్త పళ్లెంలో పెట్టింది. పక్కన ఆసుపత్రిలో ఇచ్చే మందులో ముంచిన బిళ్ల కూడా పెట్టింది. మర్నాడు మందు చుట్టూ వలయం ఉంది. ఉత్త స్పిరిట్ చుట్టూ లేదు. ఆకు బిళ్ల అంచు దాకా మీగడ ఒరుసుకుని పెరిగింది.

ఇకనైనా కంటినిండా నిద్రపొమ్మని పిల్ల భుజం తట్టింది. ఆమె తలూపింది. బరువు దిగినట్టేమీ లేదు.

ఇంటికొచ్చేసరికి వదిన కుండీకి నీళ్లు పోస్తోంది.

"ఏం తేల్చిందే మీ డాక్టరమ్మ?"

"ఆకు పనిచెయ్యదట వదినా."

గాజుపళ్లెంలో పెరిగేదానికీ మనిషి ఒంటికీ పోలికేమిటని వదిన సణిగింది. పసరు వైద్యం కుర్రకుంకలకేం తెలుసంది. అంటూ అంటూనే ఆగిపోయింది. చెంబు చేతిలోనే ఉంది.

"మరి వాడెందుకు పోయాడే?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకు జవాబు తనే. ఇప్పుడు అదీ లేదు.

"తెలీదు వదినా," అంది. చెంబు అందుకుని, మిగిలిన నీళ్లు తనే కుండీలో పోసింది.