ఆమీన్ అన్న మగవాళ్ళు

“చంటిపిల్లల్ని ఎత్తుకోవడం నేర్చుకోడానికి సురబయ దాకా పోవాలా? ఆడవాళ్ళకి అది పుట్టుకతోనే వస్తుంది కదా,” అన్నాడు నా భర్త బస్కోరో. నేను కొబ్బరి కోరుతున్నాను. అతను వంటింటి గుమ్మంలో నిలబడి, మూకుడులోంచి అప్పుడే తీసిన టోఫు ముక్కని ఊదుకుంటూ తింటున్నాడు. వంటకి సాయం వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్వారు. నేను ఇంకో కొబ్బరి చిప్ప అందుకున్నాను.

ఆ రోజు మా ఆడపడుచు లింతాంగ్ కొడుక్కి సెలాపనన్. పుట్టిన ముప్ఫై అయిదో రోజు వేడుక. వీధి వీధంతా పిలవాలి, ఉడికిన ఆకుకూరల్లో కొబ్బరి వేసి ఉరాప్ కలపాలి, గుడ్లు ఉడకబెట్టాలి, పసుపన్నం కొండలా పేర్చాలి. మగవాళ్ళు ముందుగదిలో చాపల మీద కూర్చుని ప్రార్థన చేస్తారు, తింటారు, ఇంటికి పొట్లాలు పట్టుకెళ్తారు. ఆడవాళ్ళం తెల్లారకముందు నుంచీ పొగలో ఉంటాం. దాన్ని సాయం అంటారు. సాయం అన్నాక ఇంక దానికి వేరే పేరు అడగకూడదు.

నేను ఆసుపత్రిలో పురిటిపిల్లల వార్డు నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఊపిరి అందించడం సురబయలో నేర్పే మూడు నెలల శిక్షణకి మా వార్డు నుంచి ఇద్దర్ని ఎంపిక చేశారు, నన్నూ, తెగూ అనే కుర్రాణ్ణీ. నన్ను మాత్రం ఒప్పుదల కాయితం మీద భర్త సంతకం తెమ్మన్నారు. తెగూకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అతని పెళ్ళాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. “ఇలా రాసుందా ఎక్కడైనా, మేడమ్?” అని మా హెడ్ నర్సు మూర్నీ గారిని అడిగాను. “రాసిలేదమ్మా, అలవాటు. రేపు మీ ఆయన వచ్చి గొడవ చేస్తే ఎవరు పడతారు?” అంది. బస్కోరోని అడిగితే అమ్మని అడగమన్నాడు. అత్తగారిని అడిగితే, “మొగుడు వాడు కదా, నన్నడుగుతావేం?” అంది. ఆ కాయితం పది రోజులుగా ఫ్రిజ్ మీద పడి ఉంది.

వీళ్ళకి తెలియదు, మా వార్డు మూల ఒక యంత్రం ఉందని. ఊపిరితిత్తులు ఇంకా సరిగ్గా విచ్చుకోని పిల్లలకి ముక్కు ద్వారా గాలి పంపిస్తుంది. అది వచ్చిన రోజున రిబ్బను కత్తిరించారు, పెద్దలందరూ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. తర్వాత దుమ్ము పడకుండా పువ్వులు కుట్టిన గుడ్డ ఒకటి కప్పారు. నడపడం ఎవరికీ నేర్పలేదు. గాలి ఒత్తిడి ఎక్కువైతే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది, ఆక్సిజన్ ఎక్కువైతే కళ్ళు పోతాయి. తెలియకుండా చెయ్యి పెట్టే పని కాదు. పోయిన నెల ఒక ఆడపిల్ల ఆ గుడ్డ పక్కనే, పక్కటెముకలు లోపలికి పీక్కుపోతూ, పెద్దాసుపత్రి బండి వచ్చేలోపల పోయింది. “అదేమిటి సిస్టర్, ఆ గుడ్డ కింద?” అని వాళ్ళమ్మ అడిగింది. ఏడుపు రాలేదు నాకు. ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. ఎత్తుకోవడం పుట్టుకతో వస్తుందట.

లింతాంగ్ కొడుకూ ముందే పుట్టాడు. అదృష్టం బాగుండి వాడికి ఆ యంత్రం అవసరం పడలేదు. లింతాంగ్ కుట్లు చీము పట్టి జ్వరంతో పడుంటే, నేను డ్యూటీ దిగాక వాణ్ణి నా ఒంటికి ఆనించి గుడ్డతో కట్టుకుని కూర్చునేదాన్ని. ఆ వేడికే వాడు నిలదొక్కుకున్నాడు. ఇంటికొచ్చాక అందరికీ తీరిగ్గా నడుం వాల్చిన కోడలే కనిపించింది. “ఆసుపత్రిలో ఎంచక్కా కూర్చునే పనేనే నీకు,” అని అత్తగారు నాలుగుసార్లు అంది.

కొబ్బరి అయ్యేసరికి అత్తగారు బిడ్డని ఒళ్ళో వేసుకుని, గిన్నెలో అరటిపండు చిదుముతోంది.

“ఇబూ, ఆర్నెల్లు నిండేదాకా పాలే పట్టాలి,” అన్నాను అత్తగారితో.

“బస్కోరోకి పదో రోజునే పెట్టాను. వాడికేమైందిప్పుడు?”

ఏమైందో అని అటు చూశాను. నాలుగో టోఫు ముక్క నములుతున్నాడు. నేను గిన్నె లాక్కుని ఆ పండు నేనే తినేశాను.

అత్తగారికి కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. “ఇంత తెలిసినదానివి, నువ్వే చూసుకో మరి. సెలవైపోగానే లింతాంగ్ బ్యాంకుకి వెళ్ళిపోతుంది. ఆ ఉద్యోగం మానెయ్. మనింట్లో బిడ్డని పెట్టుకుని ఊళ్ళో పిల్లలకి చాకిరీ ఏంటి?” లింతాంగ్ నా వైపు చూడలేదు. ముందే అనుకున్నారన్నమాట, నేను తప్ప అందరూ.

నేను నోరు తెరిచేలోపే ముందుగదిలో ప్రార్థన మొదలైంది. ప్రార్థన చేయించే పెద్దాయన బిడ్డ ఆయుష్షు కోసం వేడుకున్నాడు, ఆమీన్ అన్నారు. తల్లిదండ్రుల కోసం వేడుకున్నాడు, ఆమీన్ అన్నారు. బస్కోరో ఆయన చెవిలో ఏదో చెప్పాడు. “ఉద్యోగం వదులుకుని ఇకనుంచి ఇంటిపట్టున ఈ బిడ్డని పెంచబోతున్న కోడలు వెనింగ్‌కి మేలు జరుగుగాక,” అన్నాడు పెద్దాయన. ముందుగది నిండా మగవాళ్ళు ఒక్క గొంతుతో ఆమీన్ అన్నారు. నా రాజీనామా అయిపోయింది. నేను తప్ప అందరూ ఇచ్చారు.

పసుపన్నం పళ్ళెం తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెడుతుండగా ఫోన్ మోగింది. మూర్నీ మేడమ్. చేతినిండా కొబ్బరి జిడ్డు, అలాగే ఎత్తాను.

“వెనింగ్, ఈ పూటే పేర్లు పంపాలంటున్నారు. మీ ఆయన సంతకం పెట్టాడా? లేకపోతే వేరే కుర్రాడి పేరు రాస్తాను.”

గదిలో అందరూ తినడం ఆపి చూస్తున్నారు. బస్కోరో చాప మీంచి లేవకుండానే చెయ్యి చాపాడు. “ఇలా ఇవ్వు. నేను చెప్తాను ఆవిడకి.”

“అన్నం చల్లారిపోతుంది, తినండి,” అన్నాను. ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.

“నా పేరు పంపండి మేడమ్. సంతకం చోటు ఖాళీగా వదిలెయ్యండి. ఎవరైనా అడిగితే, వెనింగ్‌కి భర్త ఉన్నాడో లేడో ఆవిడ ఇంకా తేల్చుకోలేదట అని చెప్పండి.”