బరువు మీద బిగించాలి

టీసీ డ్యూటీ నుంచి వచ్చి వరండాలో కూర్చోగానే, ఆయన భార్య కిటికీలోంచి ముందు కుర్చీ కాళ్ళు చూసేది, మొహం తర్వాత. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు ఎంత విచ్చుకున్నాయో చూసుకుని, ఆ సాయంత్రం ఆయనతో ఎన్ని మాటలు మాట్లాడొచ్చో తేల్చుకునేది. అనుమానం లేని రోజున ఆయన డెబ్భై రెండు కిలోలు. ఎవరో టికెట్ లేకుండా తన పక్కనుంచే దిగిపోయారని తోచిన రోజున ఎనభై. పాలలో నీళ్ళు కలుస్తున్నాయని అనిపించిన వారమంతా తొంభై ఒకటి. అనుమానం తీరిపోతే బరువూ దిగిపోయేది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి కాబట్టి, ఆయన ప్యాంట్ల నడుముకి లోపల మూడు వరసల హుక్కులు కుట్టిపెట్టింది. డాక్టరు ప్రతి ఏడూ చీటీలో బరువు రాసే చోట "సందర్భాన్ని బట్టి" అని రాసి, బీపీ మాత్రం చూసి పంపేసేవాడు.

అలాంటి మనిషికి కారు తయారు చేసుకోవాలన్న కోరిక పుట్టింది. కొనుక్కోవడం కాదు, తయారు చేసుకోవడం. కొన్న కారులో ఎవరు ఏ బోల్టు ఎలా బిగించారో మనకేం తెలుస్తుందని ఆయన వాదన. విడిభాగాలన్నీ పదకొండు పెట్టెల్లో వచ్చాయి. ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని చిన్న కారు. ఇంటి వెనక షెడ్డులో గొట్టాల చట్రాన్ని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, ఉన్న బోల్టులన్నీ మూడుసార్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. సరిపోవడం కూడా ఆయనకి కాస్త అనుమానంగానే అనిపించింది.

పనికి తోడు బావమరిది. మేడ మీద గదిలో ఉంటూ ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగ్ చేసుకునే మనిషి. నలభై దాటినా పెళ్ళి ఊసెత్తడు. నోరు తెరిస్తే వేళాకోళం. అక్కంటే ప్రాణం, బావంటే సరదా. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో అలాగే జరిగిపోతోంది.

గొడవ సస్పెన్షన్ బోల్టుల దగ్గర మొదలైంది. చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులు చట్రానికి బోల్టులతో బిగుస్తాయి. బోల్టు దూరే చోట బుష్ అనే రబ్బరు తొడుగు ఉంటుంది. టీసీ ఒక సాయంత్రం కూర్చుని, పదహారు బోల్టులనీ నరాలు తేలేదాకా బిగించి, ప్రతి నట్టు మీంచి చట్రం మీదికి ఎర్ర రంగుతో సన్నటి గీత గీశాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగుతుంది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఆరు గీతలు తెగి ఉన్నాయి. మళ్ళీ బిగించాడు, మళ్ళీ గీశాడు. ఆ మర్నాడు తొమ్మిది తెగాయి.

పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళు ఇద్దరు. కుట్టుమిషన్ దగ్గర భార్య, మేడ మీద బావమరిది. ఇద్దరిలో స్పానర్ పట్టే చెయ్యి ఎవరిదో ఆయన వేరే ఆలోచించక్కర్లేకపోయింది. ఎందుకు విప్పుతున్నాడన్నదే తేలలేదు. షెడ్డు తనకి కావాలనా? బావ చేతకానివాడని వీధిలో అనిపించాలనా? మొదటి రోజున కారు రోడ్డెక్కగానే చక్రం ఊడి బావ ఎటో పోవాలనా? ఈ మూడో ఆలోచన వచ్చిన రోజున ఆయన నూట పది కిలోలకి వెళ్ళాడు. స్టేషన్లో లిఫ్టు ఆయన ఎక్కగానే గంట కొట్టింది. తోటి టీసీలు దిగి, మెట్ల మీదుగా వెళ్ళారు.

కారుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. దాన్ని ఆయన మొదటి రోజే సొరుగులో పాత పేపర్ల కింద తోసేశాడు. పుస్తకం రాసిందీ వాళ్ళే, విడిభాగాలు అమ్మేదీ వాళ్ళే, మనకి ఏది పాడైతే వాళ్ళకే లాభం అన్నాడు. ఆవిడ తీసి చదివింది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఈ బోల్టులు పూర్తిగా బిగించకూడదని అందులో ఉంది. కారు తన చక్రాల మీద తను నిలబడాలి, నడిపే మనిషి అందులో కూర్చోవాలి, అప్పుడు బిగించాలి. లేకపోతే కారు నేలమీదికి దిగగానే లోపలి రబ్బరు మెలి పడి, ఆ మెలిలోనే ఉండిపోయి, నెల తిరక్కుండా చిరుగుతుంది. ఆవిడకి ఇది చదవగానే అర్థమైంది. చొక్కా సరిపోయిందో లేదో మనిషికి తొడిగి చూస్తాం, కొక్కేనికి తగిలించి చూడం. ఇదే మాట ఆయనతో మూడుసార్లు అంది. మూడుసార్లూ ఆయన పుస్తకం వాళ్ళ లాభం సంగతే చెప్పాడు.

శనివారం సాయంత్రం పదమూడు గీతలు తెగాయి. టీసీ బావమరిదిని షెడ్డులోకి పిలిచి, రేపటిలోగా నిజం ఒప్పుకుంటే సరి, లేకపోతే వేరే గది చూసుకోమన్నాడు. బావమరిది నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క ఏదో అనబోతుంటే వద్దన్నట్టు చూసి, సరే బావా, రేపు బోల్టుల పని అయ్యాక వెళ్తానన్నాడు. వాయిదా వెయ్యడం అలవాటైన మనిషి, గంటలో పెట్టె సర్ది మెట్ల కింద పెట్టేశాడు. ఆవిడ ఆ పెట్టె చూసి, వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చింది. నిజం చెబితే అనుమానం తమ్ముడి మీంచి తన మీదికి మళ్ళుతుంది. ఒకసారి మళ్ళింది. ఆ ఏడు మంచం రెండుసార్లు విరిగింది.

ఆదివారం పొద్దున్నే చక్రాలు తొడిగి, స్టాండ్లు తీసి, నాలుగు చక్రాల కిందా చెక్క దిమ్మలు పెట్టారు. ఇదంతా బావమరిది పట్టుబట్టి చేయించిందే. పోయే మనిషి చివరి కోరికని టీసీ కాదనలేదు. ముందు ఎడమ చక్రం పక్కన, బయటికి కనిపించే బోల్టు ఒకటి ఆయన తెల్లారగానే మళ్ళీ బిగించి గీత గీసుకున్నాడు. మిగతావన్నీ, గీత తెగని మూడింటితో సహా, బావమరిది వదులు చేసిపెట్టాడు. పుస్తకంలో కొలత ప్రకారం టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. బావమరిది ఆ కొలతకి ఒక పుల్ల కోసి చేతిలో పట్టుకుని, బావని సీట్లో కూర్చోమన్నాడు.

టీసీ కూర్చున్నాడు. స్ప్రింగులు కిర్రుమన్నాయి. ముక్కు నేలవైపు వంగింది. రెండు వేళ్ళ సందు మిగిలింది.

"పుల్ల దూరట్లేదు బావా," అన్నాడు బావమరిది.

"దూరకపోతే దూరనట్టే బిగించు."

"ఈ బరువు మీద బిగిస్తే, రేపు నేను పోయాక నువ్వు తేలికైపోతావు. అప్పుడు రబ్బరంతా మెలి పడుతుంది. అనుమానంగా ఉన్నప్పుడే నడపాల్సిన కారు అవుతుంది ఇది."

ఆవిడ ఇక ఆగలేకపోయింది. షెడ్డులోకి వచ్చి బోల్టులు విప్పింది తనేనని చెప్పేసింది. మధ్యాహ్నాలు మిషన్ ఆపి వచ్చి విప్పేదాన్నని, తమ్ముడికి తెలిసినా తన కోసం నోరు మెదపలేదని చెప్పింది. టీసీ ఆవిడ వైపు చూడలేదు. తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావు, నీ చేతికి ఆ నట్టు కదులుతుందా అన్నాడు. కారు ఇంకో అరవేలు దిగింది.

ఆవిడ గోడకి ఉన్న పొడవాటి స్పానర్ తీసి, ఆయన పొద్దున బిగించిన బోల్టుకి తగిలించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఎడమ చేత్తో కారు అంచు పట్టుకుని, స్పానర్ పిడి మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడింది. ఒక్కసారి ఎగిరి కూర్చున్నట్టు అదిమింది. నట్టు టక్కున సడలింది. గీత తెగింది. పిడి మీద ఆవిడ చెప్పుల గుర్తులు ఇప్పటివే కాదు, పాతవీ ఉన్నాయి. టీసీ ఆ గుర్తులు చాలాసేపు చూశాడు. రబ్బరు మెలి సంగతి ఆవిడ మూడుసార్లు చెప్పడం ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

కారు మెల్లగా పైకి లేచింది. రెండు వేళ్ళు, మూడు వేళ్ళు. మూడున్నర దగ్గర ఆగిపోయింది.

బావమరిది పుల్ల పెట్టి చూశాడు. కొన దూరింది, మిగతాది దూరలేదు. ముగ్గురూ ఆ సందు వైపే చూస్తూ ఉండిపోయారు. ఏదో ఒకటి ఇంకా మిగిలి ఉంది. అది ఈ వారంది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. డెబ్భై రెండని ఆయన చెప్పుకోవడమే గాని, ఆ అంకె చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకి తెలుసు.

"అడుగు బావా," అన్నాడు బావమరిది. "ఎలాగూ పోతున్నాను."

టీసీ స్టీరింగ్ పట్టుకుని అటే చూస్తూ అడిగాడు. "నేను గేటు తీస్తుంటే లోపల మాటలు ఆగిపోతాయి. రోజూ. మీరిద్దరూ నన్ను చూసి నవ్వుకుంటారా?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. లేదు అనడం ఎంతో తేలిక. తొమ్మిదేళ్ళ నుంచీ ఆయన ఎదురుచూసిన అబద్ధం అదే.

"నవ్వుకుంటాం," అన్నాడు బావమరిది. "రోజూ నవ్వుకుంటాం."

కారు లేచింది. చప్పుడు కూడా కాలేదు. పుల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి జారింది. తెలిసిపోయిన దాన్ని అనుమానించలేం కదా. బావమరిది కదలొద్దని ఒక్క కేక వేసి, స్పానర్ పుచ్చుకుని కారు కిందికి దూరాడు. సరిగ్గా బిగియగానే క్లిక్‌మని చెప్పే స్పానర్ అది. ఒకటి, రెండు, మూడు. పైన టీసీ బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆయనకి కోపం వచ్చిందో లేదో పుల్ల చెప్పలేదు. కోపానికి బరువుండదు. ఆవిడ ఆయన మెడ మీద నరం వైపు చూస్తూ భయంతో నిలబడింది.

తొమ్మిదో క్లిక్ దగ్గర ఆయన అడిగాడు. "ఏం చూసి నవ్వుతారు?"

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "మీరు బోల్టులు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదుపుతారు. పన్నెండు దగ్గర ఆగి, ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూస్తారు. వీడు అది చేసి చూపిస్తాడు."

టీసీ ఆలోచించాడు. "పద్నాలుగు దగ్గర చూస్తాను," అన్నాడు.

కారు కింద స్పానర్ ఆగింది. బావమరిది కాళ్ళు రెండూ కదులుతున్నాయి. నవ్వు ఆపుకోవడానికి పడే పాట్లు అవి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో ఆవిడకే తెలియలేదు.

"నువ్వు వేరే గదికి పోతే మీ అక్క ఎవరితో నవ్వుతుంది?" అన్నాడు టీసీ, కారు కిందికి వినపడేలా. "ఎక్కడికీ పోనక్కర్లేదు. ఉండు."

పదో బోల్టు క్లిక్‌మంది. పదకొండోది కూడా. పదహారూ అయ్యేదాకా ఆయన కదల్లేదు. సందు నాలుగు వేళ్ళ దగ్గరే నిలిచింది. అన్నీ అయ్యాక, సీట్లోంచి లేవకుండానే, ముందుకి చూస్తూ ఇంకో మాట అన్నాడు.

"రేపట్నుంచి నవ్వేదేదో నేనొచ్చాక నవ్వండి."