పదకొండో పెట్టె

మధ్యాహ్నం రెండు దాటినా ఎండ తగ్గలేదు. చెంగల్రాయుడు పదకొండో గూడ్సు పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఇరుసు మూత మీద చేయి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. సెగ కొట్టింది. గుడ్డ అడ్డం పెట్టి మూత తెరిస్తే మాడిన నూనె కమురు గుప్పుమంది. నూనెలో నానుతూ ఉండాల్సిన దూది లోపల నల్లగా మాడిపోయి ఉంది.

ఆ పెట్టె నిండా ఫిరంగి గుండ్లు.

నైజాం సరిహద్దులో పటాలాలు దిగి వారమైంది. మద్రాసు వైపు నుంచి మిలిటరీ సరుకు తిరుపతి దగ్గరున్న ఈ జంక్షను మీదుగానే ఉత్తరానికి పోతోంది. పెట్టెలన్నీ బాగున్నాయని చెంగల్రాయుడు కాగితం మీద సంతకం పెడితేగాని బండి కదలకూడదు. పద్దెనిమిదేళ్ళుగా పెడుతున్న సంతకమే. ఇప్పుడు మాత్రం అది పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే. పోయిన వారం, తనతో పనిచేసే మునిరామయ్య బ్రేకులు సరిగా లేవని ఒక బండిని ఆపాడు. పటాలం బండిని ఆపినవాడు కమ్యూనిస్టు కాక మరెవడని అన్నారు. పోలీసులు అతన్ని షెడ్డులోంచే తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఈనాటికీ అతని భార్యకు తెలియదు.

"ఏమప్పా, అయిందా?" అంటూ స్టేషను మాస్టరు ఆదరాబాదరాగా వచ్చాడు. వెనక మిలిటరీ ఆఫీసరు, ఇద్దరు తుపాకీ సిపాయిలు.

చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. "ఈ పెట్టె పోదు సార్. ఇరుసు కాలిపోతా ఉండాది. దీన్ని విడగొట్టి, సరుకు ఇంకోదాంట్లోకి మార్సాల. కూలోళ్ళు దొరికితే నాలుగు గంటల పని."

మాస్టరు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు గడియారం చూసుకొని ముక్తసరిగా ఏదో అన్నాడు. మాస్టరు ముఖం పాలిపోయింది.

"నూనె పోసి పంపమంటాడప్పా," అన్నాడు చెంగల్రాయుడి చెవి దగ్గరికి వంగి. "అరగంట ఇచ్చినాడు. ఆపితే మనిద్దరి పేర్లూ రాసుకోని పోతాడంట. నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు. పెట్టేయ్ సంతకం."

నూనె పోసినా ఆ ఇరుసు ముప్పై మైళ్ళు కూడా లాగదని ఇద్దరికీ తెలుసు. అది విరిగితే పెట్టె బోల్తా కొడుతుంది. లోపలి గుండ్లు పేలితే బండి మొత్తం పోతుంది.

నూనె డబ్బా కోసం ఇంజను దగ్గరికి నడిచాడు. డ్రైవరు హజరత్ వలి పైనుంచి డబ్బా అందించాడు. అతనికి సంగతంతా అప్పుడే తెలిసిపోయినట్టుంది.

"పెట్టేయన్నా. నేను మెల్లగా తోలతాను."

"మెల్లగా తోలితే ఇరుసు సల్లబడతాదా వలీ? నువ్వే తోలనని సెప్పగూడదా?"

హజరత్ వలి సిపాయిల వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేను తోలనంటే, తురకోడు గదా, నైజామోని మనిషంటారు. దోవలో పేలితే నేనే పేల్చినానంటారు. నేను సచ్చినా వదలరన్నా. ఇంటికి పోయి నా పెండ్లాం గౌసియాను పట్టుకుంటారు."

చెంగల్రాయుడు డబ్బాతో వెనక్కి వచ్చి ఇరుసు మీద నూనె పోశాడు. అది చుయ్యిమంటూ పొగలు కక్కింది. డబ్బా ఖాళీ అయింది గానీ పొగ ఆగలేదు. సిపాయిల్లో ఒకడు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

మాస్టరు అట్టమీద కాగితం పెట్టి కలం అందించాడు. చెంగల్రాయుడు కలం తీసుకున్నాడు. ఇంట్లో భార్య నాగులమ్మ తన కోసం అన్నం మూతపెట్టి కూర్చొని ఉంటుంది. సంతకం పెడితే ఇప్పుడే పోయి తినవచ్చు.

"నేను పెట్టను సార్. పెట్టలేను."

కలం అట్టమీద పెట్టేశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ పెట్టె తలుపు మీద ఈ మూల నుంచి ఆ మూలకు అది పనికిరాదని పెద్ద కొట్టివేత గుర్తు గీశాడు.

ఆఫీసరు తలతో సైగ చేశాడు. సిపాయిలు చెరొక రెక్కా పట్టుకున్నారు. చెంగల్రాయుడు పెనుగులాడలేదు. ఇంజను మెట్టు మీద హజరత్ వలి ఒక కాలు కిందికి దించి అక్కడే ఆగిపోయాడు.

ఆఫీసరు కాగితం మీద సంతకానికి ఖాళీగా ఉన్న చోటు మాస్టరుకు వేలితో చూపించాడు.

మాస్టరు కలం చేతిలోకి తీసుకున్నాడు. పొగ వస్తున్న ఇరుసును చూశాడు. ఇంజను వైపు చూశాడు. కాగితం మీద కలం ఆనించాడు గాని, అది కదలడం లేదు.