ఐదింటిలోపు సంతకం

తిట్టుకోవాలంటే ఆ రోజు కొరీన్‌కి తను తప్ప ఇంకెవరూ దొరకలేదు. పొద్దున, గేరుబాక్సు చచ్చిన ఆమె కారును తుక్కువాడు ఈడ్చుకుపోయాడు. కారే లేనప్పుడు ఇంక ఇన్సూరెన్సెందుకని, గుడ్ల ప్యాకింగ్ షెడ్డులో కాఫీ విరామంలో ఫోన్ చేసి పాలసీ తీయించేసింది. రెండు నిమిషాల పని. పైగా, చూశారా నా తెలివి అని పక్క బల్లవాళ్లతో చెప్పుకుంది కూడా!

షిఫ్టు ముగించుకుని, తోటి పనామె ఇంటి ముందు దింపిపోయాక, మూడూ నలభైకి ఫోన్ మోగింది. గ్లెండా. లైసెన్సు మీద మచ్చలుండి, మంచి కంపెనీలు గుమ్మం కూడా ఎక్కనివ్వనివాళ్లకి ఇన్సూరెన్సు రాసే ఏజెంటు.

"కొరీన్, నీకు మతి ఉందా పోయిందా? మా కొత్తమ్మాయితో చెప్పి పాలసీ తీయించేశావా?"

"కారు తుక్కుకి ఇచ్చేశాను గ్లెండా."

"కారు పోతే పోయింది తల్లీ! మనం రాష్ట్రానికి రాసిచ్చింది కారు గురించా? నీ గురించి. మూడేళ్లు ఒక్క పూట కూడా ఖాళీ లేకుండా నీకు ఇన్సూరెన్సు ఉంటుందని. తేదీ మారగానే కంపెనీయే వాళ్లకి చెప్పేస్తుంది. లైసెన్సు ఆగిపోతుంది. మూడేళ్లూ మళ్లీ మొదటి రోజు నుంచి."

కొరీన్ గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. "పంతొమ్మిది రోజులే ఉన్నాయి గ్లెండా."

"తెలుసు కాబట్టే చేస్తున్నా. కారు లేనివాళ్లకి రాసే పాలసీ వేరే ఉంది. చేతి సంతకం కావాలి. ఐదింటిలోపు నేను పంపించేస్తే మధ్యలో ఖాళీ పడదు. నడిచొస్తావో, పాకుతూ వస్తావో, వచ్చెయ్."

ఆ పంతొమ్మిది రోజులూ ఉత్త లైసెన్సు కోసం అయితే కొరీన్ అంత విలవిల్లాడేది కాదు. మూడేళ్ల కిందట, అయిదేళ్ల కూతురు జూనీని వెనక సీట్లో పెట్టుకుని, ఎవరిదో పుట్టినరోజుకి ఆలస్యమవుతోందని గంటకి యాభై అయిదు మైళ్లు దాటకూడని రోడ్డు మీద తొంభై నాలుగులో పోయింది. ఆ ఏడాదిలో అది పోలీసులు రాసిన మూడో జరిమానా చీటీ; లైసెన్సు నిలవాలంటే రాష్ట్రానికి ఇన్సూరెన్సు కాగితం రాసివ్వాల్సొచ్చింది. అప్పటికే విడిపోయిన మొగుడు కర్ట్ ఊరుకుంటాడా, కోర్టుకెక్కాడు. కర్ట్ తండ్రి డెల్బర్ట్ ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆ ఇన్సూరెన్సు కాగితం మూడేళ్లూ మచ్చ లేకుండా పూర్తయ్యేదాకా కొరీన్ నడిపే కారులో పిల్ల ఎక్కకూడదని జడ్జి తేల్చేశాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం జూనీని కర్ట్ ఇంటినుంచి తీసుకొచ్చి, సాయంత్రం తీసుకెళ్లేది డెల్బర్టే. ఇప్పుడు మళ్లీ మొదలైతే పిల్లకి పదకొండేళ్లొస్తాయి. పదకొండేళ్ల పిల్ల ఇంక అమ్మ పక్కన కూర్చుని ఊరు తిరగాలని కలలు కంటుందా?

ఒహాయోలో ఆ మొక్కజొన్న పొలాల మధ్య ఊళ్లో బస్సు లేదు, టాక్సీ లేదు. ఆ వేళకి కారుతో సహా ఇంట్లో ఉండే మనిషి ఆ వీధిలో ఒక్కడే. ఏం ఖర్మరా దేవుడా అనుకుంటూ వెళ్లి డెల్బర్ట్ తలుపు కొట్టింది. ఒకప్పుడు ఆయన్ని 'నాన్నా' అనేది. కోర్టు తర్వాత ఇంటిపేరుతో 'వెర్హాఫ్ గారూ' అయిపోయాడు.

ఆయన అంతా విని, టోపీ వెతుక్కున్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. కారెక్కాక అద్దాలు మూడూ సర్దుకున్నాడు. నిన్న కూడా ఆ అద్దాల్లో చూసింది ఆయనే కదా, రాత్రికి రాత్రి తలేమన్నా పెరిగిందా అనుకుని కొరీన్ పళ్లు నూరుకుంది.

గ్లెండా ఆఫీసున్న పక్క ఊరికి పద్దెనిమిది మైళ్ల దారి. డెల్బర్ట్ ముప్పై అయిదు దాటడు. అరవై ఏళ్లలో ఒక్క చీటీ లేదని చర్చిలో అందరికీ చెప్పే మనిషి. కొరీన్ కుడికాలు దానంతటదే లేని పెడల్‌ని తొక్కుతోంది. వెనకనుంచి ట్రాక్టర్ ఒకటి వచ్చి, దాటి, ముందుకెళ్లిపోయింది.

"ట్రాక్టర్ దాటింది మనల్ని, వెర్హాఫ్ గారూ."

"పోనీ. వాడికేదో తొందర."

"నాకు లేదా తొందర?"

"నీకెప్పుడు లేదు గనకమ్మాయ్?"

నోరు మూసుకుంది. బతిమాలి ఎక్కిన కారాయె. సీటుబెల్టు లాగి వదిలింది, గడియారం చూసింది, మళ్లీ చూసింది. నాలుగూ పదిహేను.

నాలుగూ ఇరవైకి రైలు గేటు పడింది. గూడ్సు వచ్చింది. యాభై పెట్టెలు పోయాక నెమ్మదించింది, కీచుమంది, గేటుకి అడ్డంగా ఆగిపోయింది. ఆ పక్క ఆగిందంటే గంటైనా కదలకపోవచ్చు, అందరికీ తెలిసిందే. డెల్బర్ట్ ఇంజను ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

కొరీన్ దిగింది. అటు చూసింది, ఇటు చూసింది. పెట్టెల మధ్య సందులోంచి దూరితే? అవతలినుంచి ఇంకా ఏడు మైళ్లు. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. నాలుగూ ఇరవై ఆరు. ఏడుపొస్తోంది, ఏడవడానికి కూడా స్థిమితం లేదు.

అప్పుడు వాళ్ల వెనకున్న పాత ట్రక్కు వెనక్కి తిరిగింది. కొంత దూరం పోయి, పొలాల్లోకి మట్టిదారి పట్టి, దుమ్ము రేపుకుంటూ పోయింది. దాని వెనకే ఇంకోటి.

"వాళ్లెక్కడికి పోతున్నారు?"

"నాకేం తెలుసు?" అన్నాడు డెల్బర్ట్, రైలు మీంచి చూపు తిప్పకుండా.

కొరీన్ ఆయన మొహంలోకి వంగి చూసింది. "నలభై ఏళ్లు ఈ రోడ్లమీద మొక్కజొన్న లారీ తోలారు. మీకు తెలీదా?"

ఆయన టోపీ సర్దుకున్నాడు.

"రైలుకట్ట కింద దారుంది. ఉంది కదా? చెప్పండి! మీరు కావాలనే కూర్చున్నారు. నా పిల్లని నాకు కాకుండా చేసింది చాల్లేదా? ఇంకో మూడేళ్లా?" గొంతు చిరిగేలా అరిచింది. ముందు కారులోవాళ్లు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఇంజను మొదలెట్టి, కారు వెనక్కి తిప్పాడు. మట్టిదారి, సోయా చేలు, ఒక వంగిపోయిన కంచె. ఆ దాపున రైలుకట్ట కింద కారు పట్టేంత సొరంగం. ఒక్క మలుపు దగ్గర కూడా తడుముకోలేదు.

నాలుగూ యాభై మూడుకి ఆ ఊళ్లోకొచ్చారు. బట్టలుతికే దుకాణానికీ, సిగరెట్ల దుకాణానికీ మధ్య గ్లెండా ఆఫీసు. కారు పూర్తిగా ఆగకముందే కొరీన్ దూకేసింది.

గ్లెండా కాగితాలు బల్లమీద పరిచి ఉంచింది. "ఇక్కడ. ఇక్కడ. ఇక్కడ కూడా. చెయ్యి వణక్కుండా పెట్టమ్మా, ఇదేమన్నా పెళ్లి సంతకమా?" మూడు చోట్ల సంతకం పెట్టింది. గ్లెండా మీట నొక్కి కంప్యూటర్ తెరమీదికి వంగింది. నాలుగూ యాభై ఎనిమిదికి అవతలినుంచి అందినట్టు జవాబొచ్చింది.

"బతికావు ఫో," అంది గ్లెండా. "మళ్లీ ఏదన్నా అమ్మాలనిపిస్తే, ముందు నాకు ఫోన్ చెయ్యి. చొక్కా అమ్మినా సరే."

కొరీన్ బయటికొచ్చింది. డెల్బర్ట్ స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ఇంటికి పోవడానికి వేరే దారి లేదు కాబట్టి పక్కన ఎక్కింది.

"అయిందా?"

"అయింది."

కొంత దూరం పోయాక ఆయనే అన్నాడు. "గేటు దగ్గర నువ్వన్నది నిజమే."

తిట్లన్నీ నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆయన వైపు తిరిగింది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. రోడ్డునే చూస్తున్నాడు.

"పొద్దున లేస్తే ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లెవరూ లేరు. శనివారం జూనీ మాట్లాడుతుంది. రానూ పోనూ, దారి పొడుగునా. ఇంకో మూడేళ్లు వస్తే ఏం పోయిందనిపించింది. నీ గురించి ఆలోచించలేదు. అంతే."

"సిగ్గులేదూ మీకు?" అంది కొరీన్. కోపంతోనే అంది. కానీ గొంతు సగంలో మెత్తబడిపోయింది, అది ఆమెకే నచ్చలేదు.

"ఉంది." ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "విను. జూనీని ఎక్కించుకున్నప్పుడు రేడియో పెట్టకు. పెడితే అది నోరు విప్పదు. మొక్కజొన్న గోదాములు దాటాక ఒక మైలు దాకా చప్పుడు చెయ్యదు. ఏమైందే అని అడక్కు. అడిగావో, ఏం లేదంటుంది. ఊరికే నడుపుతూ ఉంటే తనే చెప్తుంది. బళ్లో ఎవరితో పడలేదో, రాత్రి ఏం కలొచ్చిందో, అన్నీ. మొహం చూసి చెప్పదు, రోడ్డు చూస్తూ చెప్తుంది."

తన కన్నకూతురి గురించి ఇంకొకరు తనకి చెప్తుంటే, కొరీన్ ఒక్క ముక్క కూడా జారిపోకుండా విన్నది. గోదాములు దాటాక మైలు. రేడియో వద్దు. అడగకూడదు. అసూయగా ఉంది, అయినా ఇంకా చెప్పమన్నట్టు చూసింది.

"మొన్న శనివారం ఏం చెప్పింది?"

పొలాల మీద ఎండ వాలుతోంది. ఎదురుగా వచ్చిన కారువాడు చెయ్యెత్తితే డెల్బర్టూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు ఎత్తాడు.

"నా మీద కోప్పడకు. 'అమ్మ కారెక్కితే మళ్లీ అలా పోనిస్తుందా తాతా, అప్పట్లా?' అనడిగింది."

ఆ చీటీ పడిన రోజు వెనక సీటునుంచి ఒక్క ఏడుపు కూడా వినపడలేదు. పిల్ల నిద్రపోయిందనే కొరీన్ మూడేళ్లూ అందరితో చెప్పింది, జడ్జితో కూడా.

"మీరేమన్నారు?"

"నాకు తెలీదన్నాను."

ఆమె కిటికీ వైపు తిరిగి, ముంజేతితో కళ్లు తుడుచుకుంది. తర్వాత అంది:

"ఈ శనివారం మళ్లీ అడిగితే, నన్నే అడగమనండి నాన్నా."